నాన్నని తీసేసిన పాట

కారు దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. పాట రాసిన పాపానికి గంట నుంచీ స్మృతికి ఇదే పని. నాష్‌విల్‌లో ఇండియన్ గ్రోసరీ ముందు కారు ఆపుకుని ప్రొడ్యూసర్ ఫోను కోసం చూస్తోంది. పక్క సీట్లో వాళ్లమ్మ శశికళ కరివేపాకు దూస్తోంది.

అది కంట్రీ పాట, అమెరికా పల్లెబాణీది. హైవే పక్కన గ్యాస్ స్టేషన్ నడిపే నాన్న కోసం కిటికీ దగ్గర నిలబడ్డ కూతురి పాట. స్మృతి నాన్న నరసింహ చనిపోయిన ఏడాది రాసింది. మొదట పాడినాయన మాటలు మార్చి నాన్నని తాతని చేశాడు. తర్వాత ఓ జంట పాడితే నాన్న పోయి మొగుడొచ్చాడు. ఆ రికార్డే ఊరూవాడా మోగింది. మూడోవాడైతే ఏకంగా మనిషినే ఎత్తేసి పాత ట్రక్కుని పెట్టాడు. అన్నిటికీ స్మృతి తలూపింది. కొత్తగా రాసేవాళ్లకి అంతకన్నా గతేముంది?

ఇప్పుడు నాలుగో గాయని, పెద్ద పేరున్న మనిషి. ఆవిడకీ మొగుడి మాటలే కావాలట, లేకపోతే పాటే వద్దట. ఈసారి కాదని చెప్పేయాలని స్మృతి పంతం. ఒక్క రికార్డులోనైనా నాన్న నాన్నగా ఉండాలి. పాట పోతే పోనీ.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కూర్చో" అని శశికళ ఫోనులో పాట పెట్టింది. జంట పాడినదే.

"అమ్మా, స్టాప్ చెయ్. దాంట్లో నాన్న లేడు."

"లేకపోవడమేంటే! నువ్వు రాసిందాంట్లో మీ నాన్న ఉన్నాడు. ఇందులో మా ఆయన ఉన్నాడు. రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఇదే వింటా. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లంతా చిన్నపిల్లవని నిన్నే ఓదార్చారు. నేనూ నిన్నే ఓదార్చా. నాకంటూ ఉన్నది ఈ పాటొక్కటే."

ఇన్నేళ్లూ స్మృతి ఆ రికార్డు మీద పళ్లు నూరింది. అమ్మ దాన్ని వింటోందని కూడా తెలియదు. సిగ్గేసింది.

ఫోను మోగింది. స్మృతి కారు దిగి తలుపేసింది.

"మొగుడి మాటలే పాడమనండి" అంది ఇంగ్లీషులో. ప్రొడ్యూసర్ నమ్మలేక మళ్లీ అడిగితే మళ్లీ చెప్పింది. నాన్నని ఈసారి తన నోటితోనే తీసేసింది.

తలుపు తీసేసరికి పాట మళ్లీ మొదలైంది. శశికళ కళ్లు మూసుకుని, తన తెలుగు యాసలోనే, ఆ జంటలో గాయనితో గొంతు కలిపి పాడుతోంది. అమ్మ పాడగా వినడం స్మృతికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.