తాబేలు దూప

తడి మట్టి వాసన.

అప్పుడే తవ్విన మట్టి. అప్పుడే చల్లిన నీళ్లు. మధ్యాహ్నపు ఎండలో ఆ వాసన పెరడంతా లేచింది. గోడ ఎక్కింది. గోడ అవతలికి దిగింది.

దిగనీ, అనుకుంది భూదవ్వ. ముందు వాసన పోతుంది. వెనక అది పోతుంది.

అది — తాబేలు. జామచెట్టు కింద గంప బోర్లించి ఉంది. గంప మీద రాయి పెట్టి ఉంది. లోపల గోళ్లు మట్టిని గీరుతున్నాయి... ఆగి, మళ్లీ గీరుతున్నాయి.

భూదవ్వ పార ఎత్తింది.

ఎల్లారెడ్డిలో ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే ఇల్లు. పోశెట్టి అన్న. రాజేశం తమ్ముడు. ఆస్తి పాలు పంచుకున్నప్పుడు ముందు వాకిలీ, బావీ రాజేశానికి వచ్చాయి. వెనక అర్రలూ, పెరడూ పోశెట్టికి వచ్చాయి. నడుమ మట్టిగోడ లేచింది. గోడకు ఒక తలుపు పెట్టారు. వాన నీళ్లు పోవడానికి గోడ కింద ఒక తూము వదిలారు. బావి ఇద్దరిదీ అనుకున్నారు. పెద్దమనుషులు తలలూపారు. తలలూపడానికి ఏం పోయింది వాళ్లకు?

ఆ బావి తవ్వింది పోశెట్టి.

రాయి పడితే సుత్తె పట్టింది పోశెట్టి. తొలి ఊట చిమ్మినప్పుడు ఆ బురదనీళ్లే దోసిట పట్టి తాగి, పిచ్చివాడిలా నవ్వింది పోశెట్టి. భూదవ్వ ఆయన పెళ్లాం. ఆ నవ్వు ఆమె చూసింది.

పోయిన ఎండాకాలం గత్తర వచ్చింది. కలరా.

గడపగడపకూ వేపమండలు కట్టారు. వాంతులు ఆగలేదు, ఏడుపులు ఆగలేదు. ఒక పొద్దున పోశెట్టి మంచం పట్టాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి కళ్లు లోపలికి పోయాయి. నాలుక దాహానికి అట్టకట్టింది. ఒకటే మాట — దూప... దూప...

ఇంట్లో కడవ అడుగంటింది. భూదవ్వ గోడ తలుపు దగ్గరికి ఉరికింది. తలుపు గడియ పెట్టి ఉంది. సందులోంచి చూస్తే బావి మీద ముండ్ల కంప కప్పి ఉంది.

"రాజేశం! మీ అన్నకు దూపయితంది. తలుపు తియ్యి!"

"గత్తర అంటుతది వదినె. నీ కడవ నా బాయిల పడొద్దు."

"నా కడవ వద్దు. నువ్వే చేది పొయ్యి. తూములకెల్లి పొయ్యి, నేను పట్టుకుంట."

అవతల అడుగుల చప్పుడు ఇంట్లోకి పోయింది.

భూదవ్వ వాగుకు ఉరికింది. వాగు ఎంత దూరమో ఆ రోజే తెలిసింది. ఇసుకలో చెలిమ తోడి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, కడవ నింపుకొని వచ్చేసరికి పోశెట్టికి నీళ్లతో పని లేకపోయింది. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

ఆ కడవ ఆమె అక్కడే నేలకేసి కొట్టింది.

భూదవ్వ తమ్ముడు కామారెడ్డి నుంచి బండి కట్టుకొని వచ్చాడు. మా దగ్గర ఉందువు రా అక్కా, బీడీలు చేసుకొని బతకొచ్చు అన్నాడు. భూదవ్వ కదల్లేదు. ఆ ఏడే ఎక్కడో జర్మనీ లడాయి మొదలైందని కామారెడ్డి స్టేషన్లో అనుకుంటున్నారని చెప్పాడు. ఆమె లడాయి అంతకు ముందే మొదలైంది.

పగ అంటే ఏమిటో ఆమెకు అంతకు ముందు తెలియదు. పొయ్యిలో నిప్పును బూడిద కింద దాచడం తెలుసు. అలాగే దాచుకుంది.

మొదట శాపాలు పెట్టింది. దుమ్మెత్తి పోసింది. రాజేశం పాపం పండుతుందని ఊరంతా అంటూ తిరిగింది. పాపం సంగతేమో గానీ, రాజేశానికి వరి పండింది. బర్రె ఈనింది, దూడ నిలిచింది. దేవుడు కూడా గోడ అవతలే ఉన్నాడని భూదవ్వకు అర్థమైంది.

బావిలో ఏదైనా కలపొచ్చు. కలపలేదు. అది పోశెట్టి బావి.

అప్పుడు మంజీర నుంచి మైసన్న వచ్చాడు. చేపలమ్మే మైసన్న. గంపలో చేపల కింద ఒక తాబేలు ఉంది. దాన్ని చూడగానే భూదవ్వకు సామెత గుర్తొచ్చింది.

అమీనా చొచ్చిన ఇల్లు, తాబేలు చొచ్చిన ఇల్లు బాగుపడవు.

అమీనా కచేరీ మనిషి. జప్తుకు వస్తాడు, చెంబూ తప్పేలా బయట పెట్టిస్తాడు. అంతటివాణ్ని రాజేశం ఇంటికి పంపే తాహతు భూదవ్వకు లేదు. ఇక మిగిలింది తాబేలు.

"కూరకా అవ్వా?" అని అడిగాడు మైసన్న.

"కాదు. సాదుకుంట."

"తాబేలును సాదుకునుడేంది? ఇంట్ల సొరనియ్యకు మరి. మంచిది గాదు."

"మా ఇంట్ల ఏమున్నదని సొరవడ్తది? దానికేం కావాల్నో చెప్పు."

మైసన్న తల గోక్కున్నాడు. "ఏటి పానం అది. దిగనీకి నీళ్లు, ఎక్కనీకి ఒడ్డు. ఎండకో రాయి, నీడకో మూల. గంతే."

ఎత్తుకెళ్లి రాజేశం వాకిట్లో వదిలితే సరిపోదా? సరిపోదు. అలా ఎత్తుకెళ్లి వదిలినవాళ్లకే ఆ కీడు తగులుతుందని ముసలివాళ్ల మాట. తాబేలు తానై పోవాలి. తన కాళ్లతో నడిచి గడప దాటాలి. దానికి భూదవ్వ తొవ్వ మాత్రం చూపాలి.

అందుకే ఈ గుంట.

తూముకు ఎదురుగానే తవ్వింది. చెరువు నుంచి రేగడి మోసుకొచ్చి అడుగున పరిచింది. కాళ్లతో తొక్కింది. తొక్కుతూ ఒక్కో అడుగుకూ రాజేశం పేరు తలచుకుంది. ఒక పక్క వాలుగా చెక్కింది, ఎక్కడానికి. ఎండ పడే చోట బల్లపరుపు రాయి వేసింది. నీడకు, పగిలిన కాగును అడ్డంగా పూడ్చి గుహ చేసింది. మూడు దిక్కులా కందికట్టె దడి కట్టింది. నాలుగో దిక్కు గోడ. గోడ కింద తూము — నల్లగా, తెరిచి, ఎదురుచూస్తూ.

గంప తీసింది.

తాబేలు మెడ చాచింది. అటు చూసింది, ఇటు చూసింది. వాలు దిగి నీళ్లలోకి పోయింది. బుడగలు వచ్చాయి.

పో, అంది భూదవ్వ. కొన్నాళ్లు తిని, బలిసి, అప్పుడు పో.

తిన్నది. బలిసింది. పోలేదు.

చలికాలమంతా పోలేదు. పొద్దున రాయి ఎక్కి ఎండ కాగేది. ఎండ ముదిరితే కాగులో దూరేది. భూదవ్వ తోటకూర తెంపి వేసింది. వాగు నుంచి నత్తలు తెచ్చి వేసింది. జామపండు కొరికి, సగం తాను తిని, సగం దానికి వేసింది. ఆమె అడుగుల చప్పుడుకు తాబేలు ఒడ్డుకు రావడం నేర్చింది. తూము వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఎందుకు తిప్పుతుంది? ఏట్లో ఇంత సుఖం ఎక్కడ చూసింది? పగతో కట్టిన ఇల్లు అది. అల్లుడికి చేసినట్టు చేసింది భూదవ్వ. ఏ అల్లుడు లేచిపోతాడు?

మాఘం పోయింది. ఫాల్గుణం పోయింది. చేసిన తప్పు ఆమెకు అప్పుడు తెలిసింది.

సరే, ఎండబెడతాను, అనుకుంది.

నీళ్లు పోయడం మానేసింది. గోడ అవతల బావి ఉంది. చేద కింద ఎప్పుడూ తడి ఉంటుంది. దూపైతే అదే వాసన పట్టి పోతుంది. ఎండాకాలం కదా... పోక ఎక్కడికి పోతుంది?

గుంట ఇంకింది. రేగడి పర్రెలు విచ్చింది. తాబేలు తూముకు పోలేదు. కాళ్లతో మట్టి తోడుకుంటూ కిందికి దిగింది. కిందికి, ఇంకా కిందికి. చివరికి వీపు మాత్రం కనిపించింది.

భూదవ్వకు కడుపు మండింది. కూర్చుని చేతులతో మట్టి లాగింది. "లే! పో! ఆ దిక్కు పో!" వీపు పట్టి తూము వైపు తిప్పి పెట్టింది. ఎత్తలేదు, తిప్పింది అంతే.

తాబేలు మెల్లగా తల బయటపెట్టింది.

నోరు తెరిచింది.

చప్పుడు లేదు. లోపల నాలుక, ఎండి, నోటికి అంటుకొని ఉంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

భూదవ్వ ఆ నోరు చూసింది. ఆ నోరు ఆమెకు తెలుసు.

లేచింది. ఎలా లేచిందో తెలియదు. ఇంట్లో కడవ ఎత్తి చూస్తే అడుగున గుక్కెడు కూడా లేదు. అదే వాగు. అదే చెలిమ. అదే ఎండ. ఈసారి నా చేతులతోనే చేస్తినే... అని ఏడుస్తూ ఉరికింది. ఈ ఒక్కసారి ఆలస్యం కానీయకు పోశెట్టీ, అని చచ్చిన మనిషికి మొక్కుకుంది.

తిరిగి వచ్చేసరికి గుంటలో నీళ్లున్నాయి.

తూములోంచి వస్తున్నాయి. సన్నగా, చల్లగా, గలగలా. నీరు పల్లమెరుగు. బావినీళ్లు. తాబేలు మెడ చాచి తాగుతోంది.

భూదవ్వ కడవ దించి, తూము దగ్గర వంగింది. అవతల గాజులు కదిలాయి. రాజేశం పెళ్లాం గంగాబాయి, డోంగ్లి దిక్కు పిల్ల.

"ఎవరు పొయ్యమన్నరే?"

గాజులు వెనక్కి జరిగాయి. జవాబు భయం భయంగా వచ్చింది. "ఆయననే అక్కా. నువ్వు దాన్ని ఈ దిక్కు పొమ్మనుడు ఇన్నడు. దానికి దూపైతే మా ఇంట్ల సొర్తదట. పొద్దు మాపు పొయ్యమన్నడు."

భూదవ్వ తల తిప్పి గుంట వైపు చూసింది.

తాబేలుకు నీళ్లు వచ్చాయి. అడగకుండా వచ్చాయి. ఇదే తూములోంచి వచ్చాయి.

పోశెట్టికి రాలేదు.

ఏడుపు ఆగిపోయింది. ఇన్నాళ్లూ బూడిద కింద ఉన్నది పైకి లేచింది. తూముకు నోరు ఆనించి, ఒక్కో మాటా విడిచిపెట్టింది.

"తూముల పోసుడు కాదు గంగా. మీ ఆయనను కడవ ఎత్కోని రమ్మను. బజార్లకెల్లి రమ్మను, నలుగురు సూడాలె. లేకుంటే రేపటికి ఈ గుంటల సుక్క ఉండది. అటెన్క అది ఎటు పోతదో దాని ఇష్టం."

అబద్ధం. మళ్లీ ఎండబెట్టే గుండె ఆమెకు లేదు. అది ఆమెకు తెలుసు. రాజేశానికి తెలియదు. అది చాలు.

మరునాడు రాజేశం వచ్చాడు.

బజారు చుట్టూ తిరిగి, భుజం మీద కడవతో వచ్చాడు. అరుగుల మీది జనం లేచి చూశారు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, వదినె పెరట్లో వంగి తాబేలుకు నీళ్లు పోశాడు. మట్టి గుటగుటా తాగింది. మళ్లీ తెచ్చాడు. మళ్లీ తాగింది.

చెమట తుడుచుకొని అన్నాడు. "తలుపు గడియ తీస్త వదినె. బాయి నీదే అనుకో. ఎన్ని కడవలన్నా చేదుకో. దీన్ని మంజీరల ఇడిసిపెట్టు."

ఈ మాట పోయిన ఎండాకాలం అని ఉంటే, ఆమె అతని కాళ్లు మొక్కేది. ఇప్పుడు అతని ముఖం చూసింది. అన్న పోలికలు ఉన్నాయి. పెదవులు ఎండి ఉన్నాయి. నీళ్లిద్దామా అని చేయి కదిలింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

"ఇంకొక కడవ," అంది.

"ఎన్నొద్దులు వదినె గిట్ల?"

"మైసన్ననడిగిన. నూరేండ్లు బతుకుతదట."

కడుపులో మంట చల్లారిందేమోనని భూదవ్వ తనలోకి చూసుకుంది. చల్లారలేదు. తడిసిన రేగడి నుంచి ఆవిరి లేచి ఇద్దరి నడుమ నిలిచింది. తాబేలు కళ్లు మూసుకొని నీళ్లలో ఉంది.

రాజేశం ఖాళీ కడవ ఎత్తుకున్నాడు.

గుంట ఇంకా నిండలేదు...