తుడవని మెమరీ

ఎల్బీనగర్ స్కానింగ్ సెంటర్ నుంచి మాలతి ఫోన్ చేసేసరికి భావన సరూర్‌నగర్‌లో తన ఇంట్లో టిఫిన్‌కు కూర్చుంది.

"మేడం, తెర మీద ఏందో మచ్చ ఒస్తున్నది. మళ్ల తీస్తే పోతున్నది. జర ఒచ్చి చూడుండ్రి."

మాలతి అక్కడ స్కాన్లు తీసే అమ్మాయి. ఊరికే కంగారుపడే రకం కాదు. భావన ఇడ్లీ ప్లేటు వదిలేసి సెంటర్‌కు బయల్దేరింది.

ఆ సెంటర్లో స్కాన్ గదులు రెండు, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఒక్కటే. ఇంకొకటి కొనమంటే యజమాని నరేష్‌కుమార్ చెవికెక్కించుకోలేదు. రెండు గదుల ప్రోగ్రాములూ కార్డంతా తమదే అనుకుంటాయి. వాటి మధ్య తగవు రాకుండా చూసేది కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఉండే డ్రైవర్ అనే ప్రోగ్రాం. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికెంత మెమరీయో అదే తేలుస్తుంది. ఒకరు వదిలిన మెమరీని తుడిచి ఇంకొకరికి ఇస్తుంది. ఆ డ్రైవర్ భావన రాసిందే.

తుడవడానికి కాస్త సమయం పడుతుంది. పొద్దుటి రద్దీలో బొమ్మలు నత్తనడక నడుస్తుంటే నరేష్‌కుమార్ ఊరుకుంటాడా? "రెండు గదులు నావే కదమ్మా. గా తుడుసుడు ఎవరి కోసం?" అని పట్టుబట్టాడు. భావనకూ నిజమే అనిపించింది. ఒకరి గుట్టు పరాయివాళ్ల కంట పడకూడదనే కదా తుడిచేది! ఇక్కడ పరాయివాళ్లెవరు? రెండు ప్రోగ్రాములూ తను రాసినవే. మనవాళ్లే కదా అని ఆ లైను తీసేసింది. బొమ్మలు పరుగెత్తాయి. నరేష్‌కుమార్ సంబరపడిపోయి అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు. భావన కూడా లొట్టలేసుకుంటూ తింది.

ఇప్పుడు మాలతి చూపించిన తెర మీద ఎవరిదో తల స్కాన్ ఉంది. మెదడు మధ్య, నీరుండే నల్లటి చోట, తెల్లటి మచ్చ. ఒకవైపు గుండ్రంగా ఉంది, రెండోవైపు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. మనిషి ఒంట్లో ఏ గడ్డా అలా స్కేలు పెట్టి గీసినట్టు పెరగదు. భావన పక్క గదిలోకి పరుగెత్తింది. అక్కడి రోగి బొమ్మలో అదే మచ్చ నిండుగా కనిపించింది.

నల్లగా ఉండాల్సిన చోట ఆమె ప్రోగ్రాం ఏమీ గీయదు. చేతికొచ్చిన మెమరీ తుడిచే ఉంటుందని దాని ధీమా. తుడవకపోయేసరికి పక్క గది బొమ్మ ముక్క అక్కడే మిగిలిపోయింది. అలా రాసింది తనే, తుడవడం మాన్పించిందీ తనే. ఎంత బుద్ధి తక్కువ పని!

తీసేసిన లైను మళ్లీ పెట్టింది. మచ్చ రావడం ఆగిపోయింది.

"అయిపాయె కద," అన్నాడు నరేష్‌కుమార్. "ఎవ్వరికి చెప్పకుండ్రి."

మాలతి మాత్రం తలెత్తలేదు. "సార్, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణం భిక్షపతి సార్‌కు గూడ గిట్లనే ఒచ్చింది. గప్పుడు మంది మస్తుగున్నరు. మళ్ల తీయలే. ఇయ్యాల ఆపరేషనట."

భావన భిక్షపతి బొమ్మ తెరిపించింది. మచ్చకు ఒక అంచు తిన్నగా ఉంది.

"ఫోన్ చేసినవనుకో, సెంటర్ మూతపడ్తది. నీ నౌకరి పోతది. మంచిగ ఆలోచించుకో," అన్నాడు నరేష్‌కుమార్. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. అదే భయం భావనకూ ఉంది. అయినా నంబరు నొక్కింది.

భిక్షపతి భార్య లలితమ్మ ఎత్తింది. సెంటర్ పేరు చెప్పగానే ఆవిడ గొంతులో సంతోషం పొంగింది.

"నూరేండ్లు సల్లగుండు బిడ్డా! మీరు జల్ది కనిపెట్టిండ్రు కాబట్టే మా ఆయన బతికి బట్టకడ్తుండు. గీ దవాఖానోళ్లు గూడ మీ సీడీ చూసే పక్కా అన్నరు. గిప్పుడే గుండు జేసి లోపలికి తీస్కపోయిండ్రు."

"లలితమ్మగారూ, ఆ మచ్చ ఆయనది కాదండీ," అంది భావన. "ఇంకెవరిదో ఆయన బొమ్మలో పడింది. తప్పు నాది. ఆపరేషన్ ఆపించండి, వెంటనే!"

అవతల పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు, దబదబా తలుపు బాదుతున్న చప్పుడు. భావన ఫోన్ చెవికి అదిమిపెట్టి నిలబడిపోయింది. కాసేపటికి లలితమ్మ ఆయాసపడుతూ మళ్లీ పలికింది.

"తలుపు తీస్తలేరు బిడ్డా. లోపల కోసే మిషన్ సప్పుడు అయితున్నది."