షెడ్డులో మనిషి ఊసు

ఊరి రేడియోకి గొంతు బావదైతే ఊపిరి బావమరిదిది. కానీ ఆ రెండో సంగతి ఊళ్లో ఒక్కడికీ పట్టలేదు.

బావ ఊరి నడిబొడ్డున, మెత్తటి గోడల గదిలో మైకు ముందు కూర్చుని పలికేవాడు. ఆ పలుకు తీగ మీదుగా ఊరవతలి రేకుల షెడ్డుకొస్తే, అక్కడి ట్రాన్స్‌మిటర్ దాన్ని టవరెక్కించి ఇంటింటికీ పంపేది. ఇంజనీర్లు ఎందరు మారినా, ఆ ట్రాన్స్‌మిటర్‌ని కనిపెట్టుకుని వేడికి ఉడికిపోతూ పడున్నవాడు బావమరిది. బజారుకెళ్తే బావని చూసి కొట్టువాడు లేచి నిలబడేవాడు. ఇతన్ని మాత్రం "మీరు వాచ్‌మనా?" అనేవాడు. కన్నతల్లికైనా కొడుకు పనేమిటో నలుగురికీ చెప్పడం చేతకాలేదు. "రేడియోలోనే, కనపడని పని" అనేది. "రేడియోలో కనపడే పనేముందమ్మా!" అని పక్కింటావిడ పకపకా నవ్వేది.

ఎఫ్‌ఎమ్‌లొచ్చాయి, ఫోన్లొచ్చాయి. వినేవాళ్లు పలచబడ్డారు. ముందు పొద్దుటి పాటలు తీసేశారు, తర్వాత ధరవరలు. ఆఖరికి స్టేషనే మూసేస్తున్నామని కాగితమొచ్చింది.

మూసే ముందురోజు అతను బావ దగ్గరికెళ్లాడు.

"బావా, ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు. రేపు ముగించేటప్పుడు, షెడ్డులో నేనొకణ్ణున్నానని ఒక్క ముక్క చెప్పు. అమ్మ వింటుంది."

"రాసిచ్చింది చదవడమేరా నా పని. నీ సంగతి చెబితే ఊడ్చేవాడి సంగతీ చెప్పాలి."

"చెబితే నోరు అరిగిపోతుందా?"

బావ నవ్వేశాడు. అతను విసురుగా లేచొచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం, "నీ గొంతు వినకపోతే చచ్చిపోనులే" అని గొణుక్కుంటూ షెడ్డులో బావ మాట వినిపించే స్పీకరు కట్టేశాడు. వినకపోయినా పని ఆగదు. మాట నడుస్తున్నంతసేపూ మీటరులో ముల్లు ఊగుతుంది, మాట అయిపోతే పడుకుంటుంది. అప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆపేయడమే.

ముల్లు ఊగి ఊగి సున్నా మీద పడుకుంది. కాసేపు చూశాడు. కదల్లేదు. మొహం తిప్పుకుని స్విచ్ లాగేశాడు. గుమ్మంలో కాచుకునున్న పైఆఫీసు మనిషి ఫ్యూజులు పీకి, తలుపుకి సీలేశాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ రేడియో ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది.

"మీ బావ చదవాల్సిందంతా చదివేసి ఆగిపోయాడ్రా. గొంతు పట్టేసినట్టుంది పాపం, ఎంతకీ మాట రాలేదు. తర్వాత 'షెడ్డులో మా బావమరిది' అన్నాడు. అంతలోనే ఠక్కున పోయింది."

అతను బావ కోసం పరిగెత్తాడు. బావ స్టూడియో మెట్ల మీద కూర్చునున్నాడు.

"బావా, ఏం చెప్పబోయావు?"

"కట్టేసింది నువ్వేగా."

"స్పీకరు ఆపుకున్నా బావా. ముల్లు పడుకుంటే అయిపోయిందనుకున్నా."

"ఆఖరి రోజున కూడా నా మాట వినబుద్ధి కాలేదట్రా?"

కోపంగా అనుంటే బాగుండేది.

"తప్పే. ఇప్పుడైనా చెప్పు."

"ఊరంతా వింటుండగా చెబుదామని దాచుకున్నానురా. ఈ మెట్ల మీద నీ ఒక్కడికి చెబితే ఓదార్పులా ఉంటుంది." బావ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అమ్మ పడుకోకుండా కూర్చునుంది. "కనుక్కున్నావా? ఏమన్నాట్ట?"

అబద్ధమాడదామనుకున్నాడు. మంచం పట్టె మీద కూర్చుని, బావలా గొంతు సవరించుకున్నాడు.

"షెడ్డులో మా బావమరిది..."

అక్కడే ఆగిపోయాడు. తన గురించి మంచిమాట ఎలా ఉంటుందో అతనెప్పుడూ విని ఎరగడు.

"ఊఁ, చెప్పరా" అంది అమ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.