రాగి గాస్కెట్

అన్న చనిపోయిన నెల రోజులకు వదిన అతని మోటార్‌సైకిల్‌ను తోసుకుంటూ మరిది షెడ్డుకు వచ్చింది. ఇంజన్ విప్పింది అన్నే. బిగించేలోపే గుండె ఆగింది. విడిభాగాలు సంచిలో ఉన్నాయి.

"కొత్త గాస్కెట్ దొరకదు వదినా. పాత రాగిదే కాల్చి వేయాలి," అన్నాడు మరిది.

"వెయ్యి. నేను డ్యూటీకి దీనిమీదే వెళ్లాలి."

అతను సిలిండర్‌కూ దాని పై మూత హెడ్‌కూ మధ్య వేసే ఆ రాగి రేకును ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో ముంచాడు. బిగుసుకుపోయిన రాగి అలా మెత్తబడితేనే సందులు పూడతాయి. పైన పట్టిన నలుపును గరుకు కాగితంతో రుద్దాడు. నెల రోజులుగా అతని మనసుకు ఏదీ అంటడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"వేలు కాలింది, చూసుకో," అంది వదిన.

చూస్తే బొబ్బ లేచి ఉంది. ఎప్పుడు కాలిందో తెలియలేదు.

"మీ అన్నా అంతే. చొక్కా అంటుకున్నా ఎవరో ఒకరు చెప్పాల్సిందే."

అతనికి నవ్వు రాలేదు. గాస్కెట్ పెట్టి, హెడ్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాడు. నాలుగో కిక్కుకు ఇంజన్ అందుకుంది. అంచు చుట్టూ చెయ్యి తిప్పి చూస్తే ఎక్కడా గాలి తగలలేదు.

"లీకు లేదు," అన్నాడు.

వదిన బండెక్కింది. "పొద్దున ఏమైనా తిన్నావా?"

"గుర్తులేదు."

"వెనక ఎక్కు. ఇంటికెళ్దాం."

షెడ్డుకు తాళం వేసి ఎక్కాడు.