నాట్ల వరసలో ఖాళీ

అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో దివాకర్ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది ఎవరన్నది పెద్ద పోటీ. అతని తల్లి నాగమల్లేశ్వరి కాఫీ పెట్టుకుందామని కిందికి దిగేసరికి, అతని అత్తగారు వాగియెం అప్పటికే స్టవ్ దగ్గర నిలబడి ఉండేది. మర్నాడు ఈవిడ ఇంకా ముందు లేచేది. ఆ మర్నాడు ఆవిడ. చివరికి ఇద్దరూ చీకటితోనే దిగి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, చెరో రెండు బర్నర్లూ పంచుకున్నారు.

వాగియెం జావా మనిషి. అక్కడ కొండ కింద చిన్న పల్లెటూరు, వరి పండించుకునే కుటుంబం. ఆవిడ కూతురు లస్త్రి అట్లాంటాలో చదువుకుంటూ దివాకర్‌ని చేసుకుంది. వియ్యపురాళ్ళిద్దరికీ కలిపి ఒక్క భాష కూడా లేదు. అయినా దెబ్బలాడుకోవడానికి భాషెందుకండీ? ఈవిడ ఇంగువ తాలింపు వేస్తే ఆవిడ ముక్కు మూసుకుని, వాసన బయటికి పోవాలని ఇల్లంతా తిరిగి కిటికీలు తెరిచేది. ఆవిడ ఎండురొయ్యల ముద్ద కాలిస్తే ఈవిడ కొంగు అడ్డం పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి కూర్చునేది. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. బియ్యం చేటలో చెరిగేటప్పుడు, చింతపండు పిసికేటప్పుడు, అరటాకుని సెగ చూపి మెత్తబరిచేటప్పుడు చూస్తే ఇద్దరూ ఒక తల్లి దగ్గర పని నేర్చుకున్నట్టే ఉండేవారు. "వదినగారూ, ఉప్పు" అంటే వాగియెం ఉప్పు డబ్బా అందించేది. ఆవిడకి వచ్చిన తెలుగు అంతే.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి వెనక ఫెన్స్ అవతలికి వాగియెం ఊరు వచ్చేది.

అక్కడ పగలంతా ఉండేది వాననీళ్ళు నిలవడానికి తవ్విన గుంట, దాని వెనక పైన్ చెట్లు. పొద్దు వాలిందా, పైన్ చెట్ల స్థానంలో కొండ నిలబడేది. దాని మీద మెట్లుమెట్లుగా మళ్ళు, కింద వెదురు పొదల మధ్య పెంకుటిళ్ళు, గట్టు మీద బాతుల మంద, పొయ్యిల పొగ. కావలిపాకలో వేలాడదీసిన దుంగని ఎవరో టక్ టక్‌మని కొట్టేవారు. చీకటి చిక్కబడగానే అన్నీ పోయేవి.

ఆ కొండ ఏనాడో పేలింది. వేడి బూడిద ఊరి మీద పడి, ఊరు ఊరంతా అందులో కప్పబడిపోయింది. ఆ రోజు నాట్లు. వాగియెం భర్తా, తోడికోడళ్ళూ, ఇరుగూపొరుగూ అందరూ పొలంలో ఉన్నారు. వాగియెం మాత్రం బాతుగుడ్లు అమ్ముకొద్దామని కూతురిని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళి బతికిపోయింది.

ఊరు రావడాన్ని కాలనీలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బురదనీళ్ళు పక్కవాళ్ళ లాన్‌లోకి రాకుండా చూసుకోమని హెచ్‌ఓఏ, అదే కాలనీ సంఘం వాళ్ళు, ఒక ఈమెయిల్ పెట్టారు. పక్కింటి శశికళ సాయంత్రం వాక్‌కి వెళ్తూ ఆగి, "ఆంటీ, ఇవాళ నారు పీకుతున్నట్టున్నారే?" అని తన దారిన తను పోయేది.

ఈ వేసవిలో వాళ్ళు నాట్లు మొదలుపెట్టారు. ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుతూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వచ్చేవారు. వీపులు ఇటు, మొహాలు అటు. ఒక్కళ్ళ మొహం కూడా ఎవరూ చూడలేదు. రోజుకి కాస్త చొప్పున వరస ఫెన్స్ దగ్గరికి జరుగుతోంది. దాని మధ్యలో మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ వచ్చిన దారంతా మడి నాటు పడక నల్లగా ఉండిపోయింది.

"అది మా అమ్మ చోటు అత్తయ్యా," అంది లస్త్రి, దివాకర్ దగ్గర నేర్చుకున్న తెలుగులో. "ఆ రోజు నాట్లు ఫినిష్ అవలేదు కదా."

నాగమల్లేశ్వరికి ఒళ్ళు జలదరించింది. అయినా వియ్యపురాలి పుట్టెడు దుఃఖం అది, మధ్యలో మనమేం అంటాం అనుకుంది.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. మనవరాలు సాన్వి, ఇంకా కిండర్‌గార్టెన్‌కి కూడా వెళ్ళని పిల్ల, హాల్లో వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నడుం వంచి, రెండు వేళ్ళతో కార్పెట్‌ని గుచ్చుతూ, సోఫా నుంచి వెనక తలుపు దాకా.

"ఏంటే ఆ నడక? పడి మూతి పగలగొట్టుకుంటావు!"

"ప్రాక్టీస్ నానమ్మా. వాళ్ళకి ఇంకా వన్ పర్సన్ కావాలి. నన్ను రమ్మంటున్నారు."

నాగమల్లేశ్వరి వెంటనే వెళ్ళి దివాకర్‌ని పట్టుకుంది. "ఒరేయ్, ఈ ఇల్లు వదిలేసి ఎక్కడికైనా పోదాం రా. పిల్లని పిలుస్తున్నార్రా వాళ్ళు!"

"ఎక్కడికి మూవ్ అయినా వస్తుందమ్మా," అన్నాడు దివాకర్ నీరసంగా. "అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు పార్కింగ్ లాట్‌లోకి వచ్చేది."

వాగియెంకి మాటలు తెలియకపోయినా సంగతి తెలిసింది. మర్నాడు సాయంత్రం లుంగీలాంటి తన బట్టని మోకాళ్ళ పైకి దోపుకుని, కూతురి తల నిమిరి, గేటు తీసుకుని మళ్ళోకి దిగింది. లస్త్రి నోరు నొక్కుకుని ఏడుస్తూ చూసింది. వాగియెం ఖాళీలో నిలబడి నారుకట్ట అందుకుంది. కానీ రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిన మనిషి, వంగితేగా! మొక్క బురదలో దిగలేదు. పెట్టింది పెట్టినట్టే నీళ్ళ మీదికి తేలిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తేలింది. అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళు వంగిన నడుం ఎత్తకుండా ఆగి ఉన్నారు. చివరికి ఆవిడ బురదలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. దుంగ మోగింది. దివాకర్ వెళ్ళి అత్తగారిని ఎత్తుకొచ్చాడు.

ఆ రాత్రి నాగమల్లేశ్వరికి కంటి మీద కునుకు లేదు. వాళ్ళకి చుట్టం అక్కర్లేదు, నాటగలిగే మనిషి కావాలి. వాగియెం ఉన్న ఇంటి అన్నం తినే మనిషైతే చాలు అనుకుంది.

మర్నాడు లస్త్రి ఇంకా ఆఫీస్ నుంచి రాలేదు. దివాకర్ పైన కాల్‌లో ఉన్నాడు. పప్పులోకి ఇంగువ వేస్తూ నాగమల్లేశ్వరి వెనక్కి తిరిగి చూస్తే హాల్లో పిల్ల లేదు. వెనక తలుపు తీసి ఉంది.

వరస ఫెన్స్‌కి నాలుగడుగుల దూరం దాకా వచ్చేసింది. సాన్వి నడుం వంచుకుని, లాన్ మీద వెనక్కి వెనక్కి అడుగులేస్తూ గేటు దాటబోతోంది. ఖాళీకి చెరోపక్క ఉన్న ఆడవాళ్ళు కొంచెం జరిగి దానికి చోటు కూడా ఇచ్చారు.

"అమ్మో, నా తల్లీ!" అంటూ నాగమల్లేశ్వరి పరిగెత్తింది. పిల్లని ఎత్తి గడ్డి మీదికి తోసేసి, తను ఆ ఖాళీలోకి దిగింది. బురద గోరువెచ్చగా ఉంది. ఎవరో చేతిలో నారుకట్ట పెట్టారు. నేతచీర ఎగదోపుకుని వంగింది.

రాజోలు దగ్గర పుట్టింట్లో పెళ్ళికి ముందు చేసిన పని. చేతులు మర్చిపోలేదు. మూడేసి మొక్కలు తీసి, బొటనవేలితో కుదురు నొక్కి, అడుగు వెనక్కి. మళ్ళీ మూడు. చెప్పకూడదు గానీ, అంత భయంలోనూ ఆవిడకి సంతోషం వేసింది.

సాన్వి ఏడుపు విని దివాకర్ హెడ్‌సెట్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా! బయటికి రా! రామ్మా!"

"ఎలా వస్తాన్రా? నేను లేస్తే మళ్ళీ ఖాళీ పడుతుంది," అంది ఆవిడ, తలెత్తకుండానే. "అందులోకి ఎవరు దిగుతారో నీకు తెలీదూ?"

దివాకర్ గేటు దాటబోయాడు. వాగియెం వెనక నుంచి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. "బాబూ," అంది. ఆ మాట ఎప్పుడు నేర్చుకుందో. ఇంకేమీ రాక, గడ్డి మీద ఏడుస్తున్న పిల్లని చూపించింది. అతను నిలబడిపోయాడు.

"పొయ్యి మీద పప్పు మాడుతోంది, వెళ్ళి దించు," అంది నాగమల్లేశ్వరి. "పిల్లకి కాళ్ళు కడుగు. బురదకాళ్ళతో కార్పెట్ తొక్కనివ్వకు."

"నువ్వెప్పుడొస్తావమ్మా?"

ఆవిడ చివరి కుదురు ఫెన్స్ పక్కనే నాటింది. నాట్లు పూర్తయ్యాయి. ఆడవాళ్ళంతా నడుములు నిమురుకుంటూ లేచి, ఇటు తిరక్కుండానే గట్టెక్కి ఇళ్ళవైపు నడిచారు. వాళ్ళ మధ్యలో ఒక నేతచీర వెళ్ళింది. చీకటి పడింది.

అప్పట్నుంచి సాన్వి ముందుకే నడుస్తోంది. నాట్ల వరస మళ్ళీ రాలేదు. ఊరు మాత్రం రోజూ వస్తుంది. గట్టు మీద ఆ నేతచీర వీపు కనిపిస్తుంది. దివాకర్ సాయంత్రం మీటింగులన్నీ మానేసి ఫెన్స్ పట్టుకుని "అమ్మా!" అని పిలుస్తాడు. ఆవిడ తిరిగి చూడదు. వినిపిస్తుందో లేదో కూడా తెలీదు. అతను సరిగ్గా తిని చాలా రోజులైంది. పొద్దున్నే వాగియెం ఒక్కతే కిందికి దిగి, రెండు బర్నర్లే వాడి, మిగతా రెండూ తుడిచి వదిలేస్తోంది.

అవతల పైరు పొట్టకొచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం, ముగ్గురూ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నారు. లస్త్రి వడ్డిస్తోంది. ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి. వెదురు పొదల పక్కన, ఎప్పుడూ పొగ రాని ఇంట్లోంచి కూడా పొగ లేచింది. కాసేపటికి తలుపు సందులోంచి ఘుమఘుమలాడుతూ ఇంగువ తాలింపు వాసన వచ్చింది.

సాన్వి తల ఎత్తింది. "నానమ్మ!"

దివాకర్ లేచి ఏసీ ఆపేశాడు. వాగియెం కుంటుకుంటూనే ఇల్లంతా తిరిగి, ఒక్కటి కూడా వదలకుండా కిటికీలన్నీ తెరిచింది.