వంగిన సున్నం గీత

డబ్బా అడుగున మేకుతో పొడిచిన చిల్లులు పదహారు. వాటిలో రెండు పూడుకుపోతే పుల్లతో పొడిచి, డబ్బాను అరచేత్తో రెండుసార్లు తట్టి, సున్నం మావయ్య మైదానం గేటు దగ్గర నిలబడ్డాడు. ఎండ ఇంకా రాలేదు, గడ్డి రాత్రి జల్లుకు తడిసి ఉంది. మరో రెండు గంటల్లో ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుంది. స్వాతంత్ర్య దినోత్సవం. జెండా ఎవరు ఎగరేసినా, ఉపన్యాసం ఎవరు దంచినా, బడిపిల్లలు కవాతు చేసే గీత మాత్రం ఏటా ఈయనదే.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన తాడు పట్టి గీత గీసిన పాపాన పోలేదు. మైదానం అవతల సామాన్ల గదికి తెల్ల తలుపు ఉంది. దాని మీద చూపు నిలిపి, డబ్బా ఊపుతూ నడవడమే ఆయన పద్ధతి. కాళ్లకిందికి చూస్తే గీత వంకరపోతుందని నమ్మకం. ఆ నడక చూస్తే మైదానం ఆయన తాతలనాటి ఆస్తి అనుకుంటారెవరైనా.

నిరుడు గీత కాస్త వణికింది. ఉత్సవాల కార్యదర్శి అందరి ముందూ, "వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే ఇంకొకర్ని చూసుకుంటాం, మావయ్యా" అన్నాడు. మెత్తగానే అన్నాడు గానీ, ఆ మాట ఏడాది పొడుగునా ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. చూపు మసకబారిన సంగతి భార్యకు తప్ప మూడో మనిషికి తెలియదు.

ఈ రోజు గీత తిన్నగా రావాలి. వస్తుంది, ఎందుకు రాదు? అవతల తెలుపు కనిపించగానే నడక మొదలుపెట్టాడు. సగం దాటాక ఆ తెలుపు ఎడమకి జరిగినట్టనిపించింది. తన అడుగే తప్పిందనుకుని సర్దుకున్నాడు. మళ్లీ జరిగింది, మళ్లీ సర్దుకున్నాడు. తీరా చేరేసరికి ఎదురుగా ఉన్నది తలుపు కాదు, కుర్చీలు దింపుతున్న తెల్ల వ్యాను.

ఫ్లాస్కుతో టీ తెచ్చిన భార్య మైదానాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. కప్పు ఆయన చేతికిచ్చాకే నోరు విప్పింది.

"వ్యాను వెనక్కి వస్తుంటే నువ్వు దాని వెంటపడి పోయావయ్యా. గీత ఆ చెట్ల కిందిదాకా వంగిపోయింది."

చెట్ల కింద వేసేవి నాలుగు కుర్చీలు. స్వాతంత్ర్యం కోసం ఒకప్పుడు జైలుకెళ్లిన ముసలివాళ్లవి. ఎండ తగలకూడదని ఏటా వాళ్లను ఆ మూల కూర్చోబెడతారు. కవాతు ఎక్కడో దూరంగా పోతుంది.

తడిగడ్డి మీద పడ్డ సున్నాన్ని తుడిస్తే పోదు, ఇంకా పులుముకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ల పరువు ఒక వ్యాను వెనకాల పోయిందే అని ఆయనకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు టీ అయ్యేదాకానే. కప్పు దులిపి లేచాడు.

"ఒక గీత వంగితే తప్పంటారు. పక్కన ఇంకోటి కూడా అలాగే వంగితే దారంటారు. డబ్బా నింపు."

"మళ్లీ ఏ వ్యాను వెంట పోతావు?"

"ఈ గీత పక్కనే పోతా. దగ్గరిది కనిపిస్తుందిలే."

జన్మలో మొదటిసారి తల వంచి, కాళ్లకిందికి చూస్తూ గీశాడు. రెండు గీతల మధ్య ఎడం తగ్గినప్పుడల్లా భార్య మోచెయ్యి పట్టి ఇవతలికి లాగింది.

జెండా ఎగిరింది. డప్పులు మోగాయి. పిల్లలు రెండు గీతల మధ్య వేదికను దాటి, గీత ఎటు తిరిగితే అటు తిరిగి చెట్ల కిందికి వచ్చేశారు. ముందు నడిచే పిల్ల ఆ నాలుగు కుర్చీలూ చూసి ఒక్క క్షణం తడబడింది. వేదికకు పెట్టిన సెల్యూట్ వీళ్లకూ పెట్టింది. ఆమె వెనకాల అందరూ పెట్టారు. సున్నం మావయ్యకు కనిపించినవి కదులుతున్న తెల్ల చొక్కాలే.

"ఏమవుతోందే? చప్పట్లు ఆపరేం?"

"చివరి కుర్చీలో ముసలమ్మ లేచి నిలబడింది. పోయే పిల్లలందర్నీ పేరడిగి భుజం తడుతోంది."

ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఈ మసక చూపుది కాదు.

కార్యదర్శి పరుగున వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇన్నేళ్లుగా మాకెవరికీ తట్టలేదు. అలా తిప్పాలని నీకెలా తోచింది, మావయ్యా?"

"తోచలేదు బాబూ. కళ్లు కనిపించలేదు."

కార్యదర్శి పగలబడి నవ్వాడు. "నీ వినయం పాడుగాను. వచ్చే ఏడూ ఇలాగే గీయాలి."

"అదే కుదరదు. తిన్నగా గీద్దామనుకుంటే వంగింది. కావాలని వంచడం నాకు చేతకాదు." జేబులోంచి సామాన్ల గది తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "తాడు పట్టుకు గీసేవాణ్ణి చూసుకో. ఈ వంపు మాత్రం చెరపొద్దని చెప్పు."

కార్యదర్శి నవ్వు ఆగిపోయింది. అతను ఇంకేదో అనేలోపే భార్యాభర్తలిద్దరూ గేటు వైపు నడిచారు. ఆయన నడక ఎప్పటిలాగే ఉంది, తల ఎత్తే ఉంది. చెయ్యి మాత్రం ఆమె భుజం మీద ఉంది.

తెల్ల తలుపు వెనక మేకుకు తగిలించిన డబ్బా కింద, పదహారు చిల్లుల్లోంచి రాలిన సున్నం గచ్చు మీద చిన్న కుప్పయి ఉంది.