మీటర్ల పక్కన గది

తెల్లకారు ముందు అద్దం తుడిచి గుడ్డ పిండుతుండగా భూమయ్యకు ఆ వాసన తగిలింది. మొదట ఎవరింట్లోనో పోపు మాడిందనుకున్నాడు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు దిగే సందులో, రెండు లాడ్జీల మధ్య ఇరుక్కుని నిలబడ్డ వసుమతి అపార్ట్‌మెంట్స్‌లో ఆదివారం పొద్దున వాసనలకు కొదవ ఉండదు. రెండోసారి పీల్చేసరికి గొంతులో మంట పుట్టింది. ప్లాస్టిక్ కాలుతోంది.

బకెట్టు అక్కడే వదిలి కారు వెనక్కి వెళ్లాడు. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఒక నల్లటి వైరు, రెండో అంతస్తులోని వామన్‌రావు కిటికీ పక్కగా దిగి, సెల్లార్ గోడకున్న గాలి కంతలోంచి లోపలికి వస్తుంది. ఒక బండ మీద పెట్టిన ప్లగ్గు బాక్సు దగ్గర ఆగుతుంది. మూడో అంతస్తు రవికిరణ్ ఈ తెల్లటి కరెంటు కారు కొన్నప్పటి నుంచి దానికి చార్జింగ్ ఆ బాక్సులోంచే. ఇప్పుడు ఆ బాక్సు ఒక మూల మైనంలా వంగిపోయి ఉంది. అందులోంచి సన్నగా పొగ లేస్తోంది. జానెడు దూరంలో పెట్రోలు స్కూటర్ల వరస, దాని వెనక గోడకు మీటర్లు, మీటర్లను ఆనుకుని తలుపు తెరిచి ఉన్న తన గది. లోపల గ్యాసు స్టవ్వు వెలుగుతోంది.

"భాగ్యా! స్టవ్వు బంద్ చేసి బయటికి రా!"

"ఏందయ్యా, ఏమైంది?"

"రమ్మంటున్న గదా!"

మూడో అంతస్తుకు పరుగెత్తి స్విచ్ ఆపించాలి. కాళ్లు మెట్ల వైపు రెండడుగులు వేశాయి కూడా. బెల్లు కొట్టి, వాళ్లు తలుపు తీసి, విషయం అర్థమయ్యేసరికి ఈ పొగ మంటయితే? వెనక్కి తిరిగాడు. భుజం మీది పొడి తువ్వాలు చేతికి చుట్టుకుని, ప్లగ్గు పట్టుకుని గుంజాడు. రాలేదు. కరిగిన ప్లాస్టిక్ దాన్ని బాక్సుకు అతికించేసింది. పళ్లు బిగించి మళ్లీ గుంజాడు. ఊడి వచ్చింది. తువ్వాలు కాలిన చోట కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుని మిగిలింది. కారు మీద వెలుగుతున్న చిన్న నీలిరంగు దీపం ఆరిపోయింది.

అతని భార్య భాగ్య గిన్నెడు నీళ్లు తెచ్చి చేతిని అందులో ముంచింది.

"పాణం పోతుండె! కరెంటుతోటి ఆటలా? ఎవరి బండి కోసమయ్యా నీకు గీ తిప్పలు?"

భూమయ్య నీళ్లలో తేలుతున్న నల్లటి పొరను చూస్తూ నిలబడ్డాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. రవికిరణ్, అతని భార్య ప్రణవి, ఆమె తల్లి సౌభాగ్య బయటికి వచ్చారు. సౌభాగ్యకు ఆదివారాలు డయాలసిస్. ఊరికి అవతలి కొసన ఉన్న దవాఖానకు తీసుకుపోవాలి. రవికిరణ్ కారులో కూర్చుని చార్జింగ్ చూపించే తెర వంక చూశాడు. దిగాడు.

"చార్జింగ్ ఎవరు తీశారు?"

"నేనే సార్."

"నన్ను అడగకుండా ఎలా తీస్తావు? పొద్దున్నే దవాఖానకు పోవాలని తెలుసు కదా నీకు! ఇప్పుడు సగం దూరం కూడా పోదు బండి!"

భూమయ్య కాలిన చేతిని వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో బాక్సు వైపు చూపించాడు. రవికిరణ్ అటు చూశాడు. తర్వాత స్కూటర్లను చూశాడు. ప్రణవి తల్లి మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. కాసేపటికి క్యాబ్ వచ్చింది. పదకొండుకు అసోసియేషన్ మీటింగ్ ఉన్నందున రవికిరణ్ ఉండిపోయాడు, తల్లీకూతుళ్లే వెళ్లారు. క్యాబ్ కదిలాక రవికిరణ్ భూమయ్యతో ఏదో చెప్పబోయి మానుకుని, వైరు స్విచ్ ఆపడానికి మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

భూమయ్య కుర్చీలు వేయడం మొదలుపెట్టాడు.

ఈ బిల్డింగ్‌కు పునాదులు తవ్వేటప్పుడు కూలి పనికి వచ్చినవాడతను. మెదక్ వైపు ఊళ్లో మెట్ట చెలక ఎండిపోయి, పెళ్లయిన కొత్తలో భాగ్యను తీసుకుని పట్నం బస్సెక్కాడు. ఇద్దరూ గంపలతో కాంక్రీటు మోశారు. స్లాబులు పడ్డాక మేస్త్రీలూ కూలీలూ ఇంకో చోటికి పోయారు. బిల్డరు మాత్రం, కాపలాకు ఉండమని ఇతన్ని అడిగాడు. సిమెంటు బస్తాలు దాచిన గది ఇచ్చాడు. కిటికీ లేదు. మీటర్ల గుర్రుమనే చప్పుడు గోడలోంచి వినిపిస్తూనే ఉండేది. కొడుకు భూపాల్ ఆ గదిలోనే పుట్టాడు. ఇప్పుడు కరీంనగర్‌లో టైర్ల దుకాణంలో పనిచేస్తూ, పెళ్లాం పిల్లలతో ఒకే గదిలో కాపురం ఉంటున్నాడు. భాగ్యకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఈ మీటర్ల పక్క గదిలోనే పడుకుని కోలుకుంది. భూమయ్య గేటు తీశాడు, మోటారు వేశాడు, కార్లు తుడిచాడు, నల్లా నీళ్లకు కాపలా కాశాడు. తెల్లకారంటే అతనికి ఇష్టమే. చప్పుడు లేదు, నేల మీద ఆయిలు మరకలుండవు. కాకపోతే అది వచ్చినప్పటి నుంచి నిద్రలో లేచి వైరు ముట్టి చూడటం ఒక అలవాటయింది.

మీటింగ్‌కు అందరూ దిగారు. అధ్యక్షుడు వామన్‌రావు రిటైరైన గుమస్తా. కాలిన బాక్సును పాత పేపరులో పెట్టుకుని కూర్చున్నాడు.

"చూడండ్రి జర! ఈ వైరు నా కిటికీ పక్క నుంచే పోతది. నిద్రల ఉన్నప్పుడు అంటుకుంటే ఏంది మన గతి? బంద్ చెయ్యాలె, అంతే."

"అందుకే సరైన చార్జింగ్ పాయింట్ పెట్టించుకుంటా అంటున్నా అంకుల్," అన్నాడు రవికిరణ్. "కారు కొన్న రోజు నుంచి అడుగుతున్నా. మీరే సంతకం పెట్టలేదు."

"పాయింట్ అంటే బిల్డింగ్ కరెంటు లోడ్ పెంచాలె, కరెంటాఫీసుల డిపాజిట్ కట్టాలె," అన్నాడు కోదండరామయ్య. ఆయనకు బేగం బజార్‌లో ఎండుఫలాల దుకాణం. "నీకేమో పెట్రోల్ మిగులుతది. ఖర్చేమో బిల్డింగ్ నెత్తిన పడతది."

"మిగులుతోంది నిజమే. పెట్రోల్‌కు పెట్టినదాంట్లో ఐదో వంతు కూడా కావట్లేదు. సర్వీసింగ్ కూడా తక్కువే."

"బ్యాటరీ పోయిననాడు చెప్పు ఆ ముచ్చట," అన్నాడు వామన్‌రావు. "బండి ఖరీదుల సగం దానిదేనంట. ఇన్సూరెన్స్ ఎంత కట్టినవ్? రేపు అమ్మబోతే ఎవడు కొంటడు? ఇయన్ని కలిపి చెప్పు, ఏది చవక పడతదో."

"బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఉంది అంకుల్. మీ కారు ఏడాదిలో ఎన్ని రోజులు మెకానిక్ దగ్గరుంటుందో అది కూడా కలపండి మరి."

ఎవరో నవ్వారు. వామన్‌రావు నవ్వలేదు. గొంతులు పెరిగాయి. భూమయ్య ఎడమ చేత్తో చాయ్ ట్రే పట్టుకుని వాళ్ల మధ్య తిరుగుతున్నాడు. ట్రే ఒక పక్కకు ఒరుగుతుంటే కాలిన చేతి మణికట్టు ఆనించి సర్దుకుంటున్నాడు.

అప్పుడే రవికిరణ్ పిలిపించిన ఎలక్ట్రీషియన్ సురేందర్ వచ్చాడు. సెల్లార్ అంతా తిరిగి, గోడలు తట్టి, టేపు పెట్టి కొలిచాడు. మీటర్ల దగ్గర ఆగాడు.

"మీటర్లకు దగ్గరుండాలె సార్, నీళ్లు తగలని గోడ గావాలె. తక్కిన గోడలన్ని వానకు చెమ్మగిలుతయి. గీ గది ఒక్కటే పనికొస్తది. ఇది తీసేస్తే నాలుగు పాయింట్లు పడతయి."

అందరూ గది వైపు చూశారు. గుమ్మంలో భాగ్య చీర ఒకటి ఆరేసి ఉంది. తర్వాత ట్రేతో నిలబడ్డ భూమయ్యను చూశారు. అతను ట్రేలోని ఖాళీ కప్పులను చూస్తూ ఉండిపోయాడు.

"నాలుగు పడతాయా?" అన్నాడు కోదండరామయ్య. ఆయన గొంతు మారింది. "మా పిల్లగాడు గూడ గీ కరెంటు బండే కొంటనంటున్నడు."

"మరి భూమయ్య ఎక్కడ ఉండాలె?" వామన్‌రావు రవికిరణ్ వైపు తిరిగాడు. "బండి ఖర్చు తక్కువ, తక్కువ అంటవు గదా. ఇది కలిపినవా అండ్ల?"

భూమయ్య కప్పుల మీంచి తల ఎత్తాడు. తన తరఫున ఒక మాట ఈ సెల్లార్‌లో వినబడటం అతనికి గుర్తున్నంతలో అదే మొదలు. రవికిరణ్ ముఖం ఎర్రబడింది. కుర్చీలో కదిలాడు.

"మెట్ల కింద మంచం వేసుకోవచ్చు కదా. గేటుకు కూడా దగ్గర. అంకుల్, మీ కిటికీ పక్క వైరు ఇవాళే తీసేస్తా. లోడ్‌కూ పాయింట్లకూ అయ్యే ఖర్చంతా నాది. తర్వాత వచ్చేవాళ్లు వాళ్ల వాటా నాకిస్తే చాలు."

వామన్‌రావు కొంచెంసేపు కాలిన బాక్సును చూశాడు. దాన్ని పేపరులో చుట్టి కుర్చీ కింద పెట్టాడు. ట్రే మీంచి చాయ్ అందుకున్నాడు.

"ఏం భూమయ్యా," అన్నాడు, "నీకేమన్న ఇబ్బందా?"

'ఏం లేదు సార్' అనే జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున చూసిన పొగ కూడా కళ్ల ముందుకు వచ్చింది.

"వైరు ఉండొద్దు సార్. ఇంకోపారి అంటుకుంటే ఎవ్వరం మిగలం. పాయింట్లకు జాగ గదే మంచిది," అన్నాడు. "మెట్ల కింద ఏమన్న అడ్డం కట్టిస్తరా? భాగ్య ఉంటది గదా."

"పరదా కట్టుకోండ్రి," అన్నాడు కోదండరామయ్య. "మంచిది కొనిస్తం."

మీటింగ్ అయిపోయింది. కుర్చీలు మడిచి గోడకు చేర్చాక భూమయ్య గదిలోకి వచ్చాడు. భాగ్య బయట నల్లా దగ్గర గిన్నెలు తోముతూ అంతా విన్నది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అతని ఎదుట నిలబడింది.

"పరదానా?"

"పాయింట్ లేకుంటే ప్రమాదమే. నువ్వు గూడ చూసినవు గదా."

"చూసిన. కాదన్ననా? నేనడిగేది నా ముచ్చట. మెట్ల మీద పొద్దంత మంది ఎక్కుతరు, దిగుతరు. నేను బట్ట మార్చుకోవాలంటే ఏడ మార్చుకోవాలె? ఒళ్లు బాగలేకుంటే ఏడ పండుకోవాలె? నాకు తలుపు గావాలె."

"ఇన్నేండ్ల సంది ఉన్నం. ఎట్ల ఇడిచిపెట్టి పోవాలె?"

"నువ్వు ఉండు. నేనైతే ఉండ."

ఆమె అరవలేదు. మామూలుగా చెప్పింది. భూమయ్యకు అందుకే భయమేసింది. ఆమె ఫోను తీసి, తన పుట్టింటి ఊరివాడైన బీరయ్యకు కలిపింది. బీరయ్య గౌలిగూడ దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. బేగం బజార్‌లో ఒక మిరపకాయల గోదాముకు మొగుడూ పెళ్లాలు కావాలంటున్నారని, వెనక గది కూడా ఇస్తారని రెండు నెలల నుంచి చెప్తున్నాడు.

"తమ్మీ, ఆ గదికి తలుపు ఉన్నదా?" అని భాగ్య అడగటం విని భూమయ్య బయటికి వెళ్లిపోయాడు.

మోటారు వేశాడు. గేటు దగ్గర కూర్చున్నాడు. సందు చివర స్టేషన్‌కు పోయే ఆటోలు ఆగుతున్నాయి, కదులుతున్నాయి. గోదాములో పని ఎలా ఉంటుందో తెలియదు. ఈ వయసులో కొత్త యజమానికి పేరు చెప్పి మొదలుపెట్టాలి. ఇక్కడైతే ఏ ఇంటి తలుపు చప్పుడేదో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ ఇళ్లవాళ్లు అతని చేతికి ఏమయిందని ఇంతవరకూ అడగలేదు. అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. బొబ్బలు లేచాయి.

పైనుంచి నీళ్లు ధారగా సందులో పడటం మొదలైంది.

"భూమయ్యా! ట్యాంకు పొర్లుతున్నది! ఏం చేస్తున్నవయ్యా?" వామన్‌రావు కిటికీలోంచి అరిచాడు.

ఎప్పుడూ ట్యాంకు పొర్లనివ్వలేదు అతను. లేచి వెళ్లి స్విచ్ ఆపాడు. స్విచ్ మీద చెయ్యి ఉంచి, మోటారు చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత గదిలోకి వెళ్లి, మంచం మీది పరుపు చుట్టి, మంచాన్ని నిలువుగా లేపి బయటికి తెచ్చాడు. భాగ్య రెండో కొస పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా, గోదాముకు తీసుకుపోవడానికి బీరయ్య ట్రాలీ వచ్చింది.

"అంతేనా బావా సామాను?" అన్నాడు ఆశ్చర్యంగా.

"అంతే."

తాళంచెవులు ఇవ్వడానికి పైకి వెళితే వామన్‌రావు నిర్ఘాంతపోయాడు. "నిన్ను పొమ్మన్నది ఎవరు? మెట్ల కింద ఉంటవనే గదా అనుకున్నం. రేపు మోటారు ఎవరేస్తరు?"

"స్విచ్ మీటర్ల పక్కకే ఉంటది సార్," అని భూమయ్య దండం పెట్టి దిగాడు.

ట్రాలీ దగ్గర రవికిరణ్ నిలబడి ఉన్నాడు. చేతిలో మలాము ట్యూబు.

"చెయ్యి కాలిందని ప్రణవి ఇప్పుడే చెప్పింది. పొద్దున క్యాబ్ ఎక్కుతూ చూసిందట. నేను చూడలేదు భూమయ్యా." అతను తల దించుకున్నాడు. "నువ్వు వెళ్లిపోవాలని నేననలేదు."

"ఎరుకే సార్. మీ బండి మంచిదే." భూమయ్య ట్యూబు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "అమ్మగారు దవాఖాన నుంచి వచ్చిన్రా?"

"వచ్చింది. పడుకుంది."

"మంచిది సార్."

భాగ్య ముందు సీటులో, స్టవ్వు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భూమయ్య వెనక మంచం కోళ్ల మధ్య ఇరుక్కున్నాడు. ట్రాలీ సందు మలుపు తిరిగి, మొజంజాహీ మార్కెట్ ముందున్న రద్దీలో కలిసిపోయింది. గేటు వేయడానికి ఎవరూ లేక రవికిరణే వేశాడు.

సోమవారం పొద్దున సురేందర్ ఇద్దరు పనివాళ్లతో, సుత్తెలతో వచ్చాడు. గది ఊడ్చిపెట్టి ఉంది. లోపలి గోడకు పాయింట్లు ఎక్కడ రావాలో సుద్దతో గీతలు గీస్తూ, మూలనున్న గూడు దగ్గర ఆగాడు. అందులో మూతపెట్టిన చిన్న స్టీలు గిన్నె ఉంది. మూత తీశాడు. ఆదివారం పొద్దున భాగ్య తోడుపెట్టి, సామాను సర్దేటప్పుడు మరిచిపోయిన పెరుగు, అంచులు విడవకుండా గట్టిగా పేరుకుని, పైన చెక్కుచెదరని మీగడతో ఉంది.